కిటికీ గౌను

ఫిబ్రవరి 9

చెల్లీ,

ఫోను చెయ్యకుండా ఈ ఉత్తరాలేమిటి అని నవ్వుకుంటున్నావు కదూ. ఫోను అమ్మ మంచం పక్కనే ఉంది. నేను ఎత్తితే చాలు, ఆవిడ చెవులు ఇటు తిరుగుతాయి. ఈ సంగతి ఆవిడ వినకూడదు.

ఇక్కడ ఆడవాళ్ళందరికీ పిచ్చెక్కింది. మీ దగ్గర ఆ వీపులు మాత్రమే వేసే చిత్రకారుడు పోయాడు చూడు, బతికున్నన్నాళ్ళూ ఆయన మొహం చూడనివాళ్ళు కూడా ఇప్పుడు ఆయన బొమ్మల్లోని బట్టలే కావాలంటున్నారు. మెట్లెక్కుతున్న బొమ్మ చూసి మెట్ల జాకెట్టు. తల దువ్వుకుంటున్న బొమ్మ చూసి అద్దం చేతులు. అన్నిటినీ మించి కిటికీ గౌను. కిటికీ వైపు తిరిగి నిలబడిన మనిషి, వీపు మీద మెడ నుంచి నేల దాకా రెండు పెద్ద కుచ్చులు. ఆ బొమ్మ పేరు పెట్టి గౌనును అడుగుతున్నారు, బొమ్మలోని మనిషి ఎవరని ఒక్కరూ అడగరు.

డాక్టరమ్మ కొత్త ఆసుపత్రి తెరిచే రోజుకి ఒకటి కుట్టమంది. మూడుసార్లు కుట్టాను, మూడుసార్లు విప్పాను. ఎంత చేసినా కుచ్చులు నడుము దగ్గర ఒంటికి అతుక్కుంటున్నాయి. నిన్న ఆవిడ అద్దంలో వెనక్కి చూసుకుని "వీపు మీద సంచీ మోస్తున్నట్టుందండీ" అంది. ముప్పై ఏళ్ళుగా మిషను తొక్కుతున్నాను, ఆ మాటతో తల కొట్టేసినట్టయింది.

అసలు సంగతి ఇది కాదు. పత్రికలోంచి ఆ బొమ్మ కత్తిరించి మిషను ఎదురుగా గోడకి అంటించాను. అమ్మ మంచినీళ్ళ గ్లాసుతో ఇటు వచ్చింది, బొమ్మ చూసింది, గ్లాసు జారవిడిచింది. పొద్దున లేచి చూస్తే గోడ మీద కాగితం లేదు. చెత్తబుట్టలో గోరంత ముక్కలై ఉంది. "ఏంటమ్మా ఇది" అంటే, "ఆ గుడ్డల గోల ఇంట్లోకి తేకు" అని గోడ వైపు తిరిగి పడుకుంది. నా పనంటే ఆవిడకి ముందు నుంచీ చిన్నచూపేననుకో. నాన్న పోయిన ఏడాది నేను కుట్టి ఇచ్చిన బూడిదరంగు గౌను ఇంకా కాగితం కూడా విప్పకుండా పెట్టెలోనే ఉంది. కొలతలు తీసుకోనివ్వకపోతే కంటితో కొలిచి కుట్టాను. ఆవిడ మాత్రం బజారులో దొరికే రెడీమేడ్లే వేసుకుంటుంది, అవేమో ఎడమ భుజం మీంచి జారిపోతుంటాయి.

మిషనత్తని కూడా అడిగాను. నాకు పని నేర్పిన మనిషి కదా, ఆవిడకి తెలియని కుచ్చు ఉంటుందా అని. చూపు దాదాపు పోయింది కానీ చెవులు మాత్రం పాము చెవులు. వీధిలో నిలబడే "పిల్లా, కింది దారం బిగుసుకుంది చూసుకో" అంటుంది, నా మిషను చప్పుడు విని. అలాంటి మనిషి కిటికీ గౌను అనగానే "నేను చెప్పను. బొమ్మనే అడుగు" అంది. ముసలితనం వస్తే అందరికీ తిక్కే అనుకుంటాను.

నువ్వు రోజంతా మ్యూజియంలో ఆ బొమ్మ ముందే కదా కూర్చునేది. ఒకసారి సరిగ్గా చూసి ఆ కుచ్చులు ఎలా కుట్టారో రాయి. నా పరువు నీ చేతుల్లో ఉంది.

నీ అక్క


ఫిబ్రవరి 17

అక్కా,

నాలుగేళ్ళుగా ఆ బొమ్మకి కాపలా కాస్తున్నాను, ఒక్కసారి కూడా దాన్ని చూడలేదు. నమ్ముతావా? నా పని చూసేవాళ్ళని చూడడం. ఎవరు గీత దాటి ముందుకొస్తున్నారు, ఎవరు వేలు పెట్టబోతున్నారు, ఇదే. నా వెనక ఏముందో నాకెందుకు?

నీ కోసం సోమవారం, సెలవు రోజున వెళ్ళాను. పాత బొమ్మలు బాగుచేసే ఆయన్ని బతిమాలి భూతద్దం తీసుకున్నాను. ముందు నీ ప్రశ్నకి జవాబు. ఆ కుచ్చులు గౌనులో భాగం కావక్కా. వేరే గుడ్డ. పొడుగ్గా ఉన్న ఒక ముక్కని రెండు మడతలు పెట్టి మెడ పట్టీకి మాత్రమే తగిలించారు, కిందంతా వదిలేశారు. నడుము దగ్గర కుచ్చు కొంచెం పక్కకి జరిగింది, అక్కడ లోపలి తెల్లబట్ట కనిపిస్తోంది. అంటే కుచ్చుల కింద గౌనుకి వీపే లేదు. జానెడు ఖాళీ. ఆ ఖాళీ కనపడకుండా పైన గుడ్డ వేలాడదీశారు.

ఇక్కడితో ఆపేస్తే బాగుండేది. కుచ్చుల మొదట్లో, మెడ దగ్గర, మూడు కుట్లు కనిపించాయి. కాకి పాదంలా, మధ్యది పొడుగ్గా. ఆయన ఎంత శ్రద్ధగా వేశాడంటే దారం మెలిక కూడా తెలుస్తోంది. అది నీ కుట్టు అక్కా. నా ప్రతి బట్టకీ మెడ దగ్గర నువ్వు వేసేది. పక్కన రాసిన ఏడాది ప్రకారం నువ్వు పుట్టకముందు వేసిన బొమ్మలో నీ కుట్టు ఎలా ఉంది?

అప్పుడు మనిషిని చూశాను. ఎడమ భుజం రెండు వేళ్ళు కిందికి ఉంది. ఎడమ చెయ్యి వెనక్కి పెట్టుకుని బొటనవేలిని తన గుప్పిట్లోనే బిగించి పట్టుకుంది. ఎక్కడ క్యూలో నిలబడ్డా అలా పట్టుకునేది మనకి తెలిసిన ఒక్కరే. భూతద్దం తిరిగి ఇస్తుంటే ఆయన "దెయ్యాన్ని చూశావా ఏంటమ్మా" అన్నాడు.

అది మన అమ్మ.

నీ చెల్లి


ఫిబ్రవరి 22

చెల్లీ,

నీకేమైనా మతి పోయిందా? నాలుగు బొమ్మల ముందు కుర్చీ వేసుకుని కూర్చుంటే అమ్మని తీసుకెళ్ళి గోడకి తగిలిస్తావా? ఫొటో తీయించుకోమంటే తలుపేసుకునే మనిషి, ముక్కూమొహం తెలియనివాడి ముందు రోజుల తరబడి నిలబడిందా? భుజం దిగినవాళ్ళు లోకంలో అమ్మ ఒక్కతేనా? నా దగ్గరికి వచ్చేవాళ్ళలో సగం మందికి రెండు భుజాలూ సమానంగా ఉండవు, ఆ సంగతి వాళ్ళకి చెప్పకుండా కుట్టడమే నా పని.

కుట్టంటావా, అది మిషనత్త నేర్పిన కుట్టు. ఆవిడ ఇంకెవరికి నేర్పిందో, ఆవిడకి ఎవరు నేర్పారో. ఇలాంటి మాటలు ఉత్తరాల్లో రాయకు. మీ బావ చదివితే ఊరంతా నవ్వుతూ చెప్పుకొస్తాడు.

కుచ్చులు నువ్వు చెప్పినట్టే వేరే గుడ్డతో కుట్టాను. వీపు మధ్యలో జానెడు వదిలేసి పైన వేలాడదీశాను. తొడిగి నడవమంటే డాక్టరమ్మ వెనక అవి నీళ్ళలా జారాయి. ఇంత సుళువు కిటుకు నాకెందుకు తట్టలేదా అని ఆశ్చర్యపోయాను. అయినా వీపు లేకుండా గౌను కుట్టాలని ఏ దర్జీకి తోస్తుంది?

ఇంకోమాట. నిన్న అమ్మ కొళాయి దగ్గర బిందె నిండేదాకా నిలబడింది. నేను వెనకనుంచి చూశాను. బొటనవేలు గుప్పిట్లో ఉంది. అంతే, చూశానని రాస్తున్నాను.

అక్క


మార్చి 1

అక్కా,

నాకు మతి పోలేదు. నువ్వలా తిట్టినందుకు రెండు రోజులు నీకు రాయకూడదనుకున్నాను. కానీ ఇది దాచలేను.

బొమ్మ బాగుచేసే ఆయన ఈ వారం చట్రం విప్పాడు. వెనక చిత్రకారుడి చేత్తో తేదీ ఉంది. నువ్వు పుట్టడానికి సరిగ్గా ఏడు నెలల ముందు. "పదకొండు రోజులు. మొహం చూపించలేదు" అని కూడా రాసుకున్నాడు. నేను ఏమీ అనడం లేదు. అమ్మకీ ఆయనకీ మధ్య ఏదో ఉందని కూడా అనడం లేదు. కాగితం ముక్కలు చేసేంత భయం ఎందుకో మాత్రం నాకు అర్థం కావడం లేదు. అమ్మని నువ్వే అడగాలి. నేను అడిగితే ఫోను పెట్టేస్తుంది.

నీ చెల్లి


మార్చి 6

చెల్లీ,

నీ ఉత్తరం చదివినప్పుడు నా చేతిలో కత్తెర ఉంది. డాక్టరమ్మ చెల్లెలి గౌను ముందు భాగం అడ్డంగా కోసేశాను. ఇన్నేళ్ళలో మొదటిసారి. నాన్న నా నాన్న కాదేమో అన్న ఆలోచన వచ్చాక ఇంక గుడ్డ ఎటు పోతే ఏం?

నేరుగా వెళ్ళి అమ్మ ముందు కూర్చున్నాను. ఉత్తరం ఆవిడ ఒళ్ళో పెట్టాను. చదివింది. కళ్ళజోడు తీసింది. "అది నేనే" అంది.

"నువ్వు అడిగేది అదైతే, కాదు. ఆయన నాతో పట్టుమని పది మాటలు కూడా మాట్లాడలేదు. నువ్వు మీ నాన్న కూతురివే" అంది. నేను లేవబోయాను. ఆవిడ ఇంకా అయిపోలేదన్నట్టు చెయ్యి ఎత్తింది. "నేను చేసింది అంతకంటే పెద్దది."

చెల్లీ, అమ్మ దర్జీ. మన అమ్మ! పద్నాలుగేళ్ళప్పుడు నేను సూది పట్టుకుంటే చెయ్యి మీద కొట్టిన మనిషి, పెళ్ళైన కొత్తలో ఒక పెద్ద బట్టల దుకాణంలో గుడ్డ కోసే పని చేసేదట. కొలతలు తీసి పుస్తకంలో రాసేదీ, కుట్టేదీ ఎవరనుకున్నావు? మిషనత్త. ఇద్దరిదీ ఒకే బల్ల, ఒకే సుద్ద. పక్క పక్క వీధుల్లో ఉంటూ ఇన్నేళ్ళుగా ఒకరి మొహం ఒకరు చూసుకోని వీళ్ళిద్దరూ ప్రాణ స్నేహితులట.

నీకు తెలియదు కాబట్టి చెబుతున్నాను. గుడ్డని మడిచి కోస్తాం కాబట్టి పుస్తకంలో వీపు కొలత సగమే రాస్తాం. వీపు పదహారు అంగుళాలైతే ఎనిమిది అని రాస్తాం. ఒక గొప్పింటావిడ పట్టు గౌనుకి మిషనత్త ఎనిమిది అని రాసింది. అమ్మ ఏ ధ్యాసలో ఉందో, ఆ ఎనిమిదిని పూర్తి కొలత అనుకుని మళ్ళీ సగం చేసి నాలుగుకి కోసింది. మడత విప్పేసరికి వీపు సగమే ఉంది. ఆ పట్టు మళ్ళీ దొరికేది కాదు, పొడుగాటి ముక్క ఒక్కటి మిగిలింది. భోజనాల వేళ, గదిలో ఎవరూ లేరు. అమ్మ బ్లేడు తీసుకుని పుస్తకంలో ఎనిమిదిని గీకి నాలుగు చేసింది.

యజమాని పుస్తకం చూశాడు. మిషనత్తని పనిలోంచి తీసేశాడు. తప్పుడు కొలత రాస్తుందని పేరు పడ్డాక ఇంకే దుకాణమూ రానివ్వలేదు. వెళ్ళే ముందు రోజు ఆవిడ ఆ మిగిలిన ముక్కని రెండు మడతలు పెట్టి, ఆ ఖాళీ మీద వేలాడదీసి, తన మూడు కుట్లు వేసి వెళ్ళిపోయిందట. పాడైన గౌనుని కూడా సగంలో వదిలేసి పోలేని చెయ్యి ఆవిడది. గొప్పింటావిడ తీసుకోలేదు. ఎవరో చిత్రకారుడు బొమ్మకోసం పాత పట్టుబట్ట అడిగాడని యజమాని దాన్ని అమ్మ చేతికిచ్చి పంపించాడు. "ఎలా జారుతుందో చూస్తాను, ఒకసారి తొడుక్కో" అన్నాడట ఆయన. పదకొండు రోజులు నిలబెట్టాడు. ఇటు తిరగమంటే అమ్మ తిరగలేదు. అప్పటిదాకా ఆయన మొహాలే వేసేవాడట, చెల్లీ. వీపులు వేయడం ఆ రోజు మొదలైంది.

"ఆ బొమ్మలో మనిషి రాబోయే మంచి రోజుల్ని చూస్తోందని పత్రికలో రాశారు. నేను ఏడుస్తున్నాను" అంది అమ్మ.

"ఎందుకు చేశావమ్మా" అన్నాను. "నువ్వు కడుపులో ఉన్నావు, పని పోతే ఎలాగని..." అంది. నా ఒళ్ళు మండిపోయింది. "నన్ను సాకుగా చెప్పకు" అని లేచి వచ్చేశాను. దేశమంతా ఆడవాళ్ళు మురిసిపోతూ వేసుకు తిరుగుతున్నది మా అమ్మ పొరపాటు, దాని మీద కప్పింది మా అమ్మ ముంచేసిన మనిషి కుట్టు. దానికి పేరేమో బొమ్మది.

ఆవిడతో మాట్లాడడం మానేశాను.

అక్క


మార్చి 11

అక్కా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను, రెండోసారి నిలబడి చదివాను. నా అనుమానం రాసినందుకు సిగ్గుపడుతున్నాను.

కానీ అమ్మకి అప్పుడు ఇరవై ఏళ్ళు. ఇరవై ఏళ్ళ పిల్ల భయపడి చేసిన పనికి ఇప్పుడు ముసలావిడతో మాట్లాడడం మానేస్తే ఏమొస్తుంది? ఒక్కటి మాత్రం బతిమాలుతున్నాను. మిషనత్తకి చెప్పకు. కొలత తప్పు రాశానేమోనని ఇన్నాళ్ళూ తన్ను తానే తిట్టుకుంటూ ఉండి ఉంటుంది. ఇప్పుడు ఇది వింటే ఆ ముసలి ప్రాణం తట్టుకోలేదు.

నీ చెల్లి


మార్చి 16

చెల్లీ,

నీ ఉత్తరం వచ్చేసరికే వెళ్ళొచ్చాను. తట్టుకోలేకపోయింది ఆవిడ కాదు, నేను.

గుమ్మంలో నిలబడి ఏడుస్తూ అంతా చెప్పాను. ఆవిడ బొత్తాలు ఏరుకుంటోంది, వేళ్ళతో తడిమి పెద్దవి ఒక డబ్బాలో, చిన్నవి ఒక డబ్బాలో. చెయ్యి ఆపలేదు. "తెలుసు. నా అంకెలు నాకు తెలీవా? ఆ రోజే అరిచి చెప్పాను. ఒక్కరూ నమ్మలేదు. మీ అమ్మ తల దించుకుని గుడ్డ మడత పెడుతూ కూర్చుంది" అంది.

"మరి నాకు పని ఎందుకు నేర్పారత్తా?" అన్నాను. ఎందుకడిగానో నాకే తెలియదు.

"కోపంతో" అంది. అంత మామూలుగా అంది చెల్లీ. "మీ అమ్మ ఇంట్లో, మీ అమ్మ కళ్ళముందు, మీ అమ్మ కన్న కూతురి చేత్తో నా కుట్టు పడాలనుకున్నాను. ఏ గుడ్డ తిరగేసినా అది కనపడాలి. అందుకే నువ్వు కిటికీలోంచి తొంగిచూస్తుంటే లోపలికి రమ్మన్నాను."

నా చేతులు నావి కానట్టు అనిపించింది. అమ్మ నా బట్టలు ఎందుకు వేసుకోలేదో ఇన్నేళ్ళకి తెలిసింది. నా పని చూసి కాదు, ఆ మూడు కుట్లు చూసి. ఒకావిడ తప్పుకీ ఇంకొకావిడ పగకీ మధ్య నేను ముప్పై ఏళ్ళు మిషను తొక్కాను.

వచ్చేస్తుంటే వెనకనుంచి అంది, "రెండేళ్ళు ఆ కోపంతోనే నేర్పాను పిల్లా. తర్వాత నీకు పని వచ్చేసింది. పని వచ్చిన పిల్లమీద ఎన్నాళ్ళని కోపం పెట్టుకుంటాను?" నేను గుమ్మం దిగాను. అప్పుడు, "నన్ను ఆ బొమ్మ దగ్గరికి తీసుకెళ్ళమని చెప్పు. నువ్వు కాదు, మీ అమ్మే" అంది.

ఆ ఒక్క ముక్క అమ్మకి చెప్పి నా గదిలోకి వెళ్ళిపోయాను. ఈ పొద్దున్న లేచేసరికి అమ్మ మంచం ఖాళీగా ఉంది. ఆవిడ నల్లకోటు కొక్కేనికి లేదు. పరిగెత్తి వెళితే మిషనత్త తలుపుకి తాళం. స్టేషనుకి వెళదామని చెప్పులు వేసుకుని, మళ్ళీ విప్పేశాను. వాళ్ళు నీ దగ్గరికే వస్తారు. మిషనత్తకి మీ మెట్లు కనపడవు, కింద ఉండు. నేను మాత్రం రాను. నా కడుపుమంట ఇంకా చల్లారలేదు.

అక్క


మార్చి 20

అక్కా,

నీ ఉత్తరంకంటే వాళ్ళే ముందు వచ్చారు. నేను కింద లేను, నా కుర్చీలో ఉన్నాను. గది కిక్కిరిసి ఉంది, సగంమంది కిటికీ గౌన్లలోనే వచ్చారు. వాళ్ళ మధ్యలోంచి నల్లకోటు మెడదాకా బిగించుకుని అమ్మ, ఆవిడ మోచెయ్యి పట్టుకుని మిషనత్త. నేను లేచి నిలబడ్డాను. ఇద్దరూ నన్ను దాటిపోయి, నేలమీద గీత కూడా దాటి, బొమ్మకి బారెడు దూరంలో ఆగారు. గీత దాటినవాళ్ళని వెనక్కి పిలవడమే నాకు జీతమిచ్చే పని. నేను పిలవలేదు.

"కుట్టు కనపడుతోందా?" అని అడిగింది మిషనత్త.

"కనపడుతోంది. మూడూ ఉన్నాయి" అంది అమ్మ.

అమ్మ నేలకేసి చూస్తూ, "అంకె నేనే దిద్దాను" అంది.

"ఏమే, గట్టిగా చెప్పు. నాకు వినపడదు."

"నువ్వు రాసింది సరిగ్గానే ఉంది. నేనే దిద్దాను."

"వినపడలేదు."

అమ్మ తలెత్తింది. గదంతా ఉలిక్కిపడేలా, "నువ్వు ఎనిమిది రాశావు. నేను నాలుగు చేశాను. నీ పని నేను పోగొట్టాను" అంది. గౌన్లన్నీ ఒక్కసారి ఇటు తిరిగాయి. ఒకావిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. పాము చెవులక్కా మిషనత్తవి. నా కుర్చీ కిర్రుమంటే "ఆ మేకు బిగించుకో" అని తర్వాత నాకే చెప్పింది. మొదటిసారే విన్నది. మూడుసార్లు చెప్పించుకుంది.

మిషనత్త అమ్మ వీపుమీద చెయ్యి వేసి, "ఈ ఉక్కలో కోటేంటి, తియ్యి" అంది. అమ్మ తియ్యలేదు. మిషనత్తే బొత్తాలు విప్పింది.

లోపల బూడిదరంగు గౌను ఉందక్కా. పెట్టెలోది. మడతల గీతలు ఇంకా పోలేదు.

మిషనత్త చేత్తో చూసింది. మెడ తడిమింది, కుడి భుజం తడిమింది, ఎడమ భుజం దగ్గర ఆగింది. "ఎత్తు సరిచెయ్యడానికి దూది పెట్టలేదు. భుజం ఎంత దిగిందో అంతే దింపి కోసింది. కొలతలు ఇచ్చావా?"

"ఇవ్వలేదు" అంది అమ్మ.

వేళ్ళు మళ్ళీ మెడ పట్టీ మీదికి వెళ్ళాయి. మూడు కుట్లూ దొరికాయి. "ఎవరు కుట్టారు?" అంది, ఆవిడకి తెలియనట్టు.

"నా కూతురు."

"ఎవరు నేర్పారు?"

అమ్మకి ఇది చెప్పడానికి అంకె సంగతికంటే ఎక్కువసేపు పట్టింది. అంతసేపూ మిషనత్త ఆ కుట్లమీంచి వేలు తియ్యలేదు.

"నువ్వు" అంది అమ్మ.

ఆదివారం మధ్యాహ్నం బండికి తిరిగి వస్తున్నారు. నీ కోపం నీ ఇష్టం, నేను ఏమీ చెప్పను. స్టేషనుకి మాత్రం వెళ్ళు. నేను వెనకనుంచి చూశాను, పక్కనుంచి చూశాను, మొహం కూడా చూశాను. ఆ గౌను అమ్మకి సరిగ్గా సరిపోయింది.

నీ చెల్లి